మేన్‌లో ఒక ఆదివారం: కుట్టు చూసి కొనే సరుకు

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మేన్ రాష్ట్రంలో ఆదివారం నాడు వేటాడకూడదు. పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్న నిషేధం ఇది. 2021లో రాష్ట్ర రాజ్యాంగంలో ఆహార హక్కు చేర్చుకున్నాక, దాన్ని చూపించి ఒక జంట కోర్టుకెక్కింది. 2024లో రాష్ట్ర సుప్రీంకోర్టు నిషేధాన్నే నిలబెట్టింది. దాంతో నవంబరు ఆదివారాల్లో అక్కడి వేటగాళ్లు అడవిలో కాదు, దుకాణాల్లో దొరుకుతారు. ఆ సంగతి తెలిసే, మేమిద్దరం సరుకు చూడ్డానికి మేన్ వెళ్లేందుకు మా బావగారు ఆదివారం ఎంచుకున్నారు. "సరుకు సంగతి అమ్మేవాడికేం తెలుసు బావా, వాడినోణ్ణి అడగాలె" అన్నారు.

బావగారంటే మా ఆవిడ పెద్దమ్మ కొడుకు. ఊరు ఖమ్మం దగ్గర. న్యూహాంప్‌షైర్‌లో స్థిరపడి, సిటిజన్‌షిప్ వచ్చాక, జింకల వేట పట్టుకున్నారు. ఆయన కొట్టిన జింకలో ఒక వాటా మా ఫ్రీజర్‌కి వస్తుంది. మొదట్లో ముఖం చిట్లించిన మా ఆవిడే, గోంగూరతో ఒకసారి వండాక, ఈ ఏడు వాటా ఇంకా రాలేదేమని ఫోన్ చేసి అడుగుతోంది.

నా సంగతి వేరు. నేనింకా హెచ్-1బి మీదే ఉన్నాను. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఇలాంటి వీసా మీదున్నవాళ్ల చేతిలో తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. షూటింగ్ రేంజికెళ్లి అద్దె తుపాకీ పేల్చినా అదే నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనలాంటివాళ్లకు అందుబాటులో ఉన్నది, ఇక్కడి రాష్ట్రం ఏదైనా ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు. రేంజిలో దిగిన ఫొటోలు దర్జాగా వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేస్తారు. లైసెన్సు కోసం చేయాల్సిన హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు నాకింకా పూర్తి కాలేదు. కాబట్టి ఈ ప్రయాణంలో తుపాకీ కనబడ్డ ప్రతిచోటా నా చేతులు జేబుల్లోనే.

నాకు కావాల్సింది బూట్లు. అంతకుముందు ఒక పేరున్న కంపెనీ జత కొన్నాను, వాటర్‌ప్రూఫ్ అనీ పర్వతాలెక్కొచ్చనీ పెట్టె మీద బొమ్మలేసినవి. కొన్నాళ్లు తొడిగి అల్మరాలో పెట్టాను. తర్వాతెప్పుడో తీసి నాలుగడుగులు వేసేసరికి మడమ కింద పొర కేకుముక్కలా పొడి రాలింది. విజయవాడలో ఇలాంటివి చాలా చూశాం. పెళ్లికని దాచిన షూ, పెళ్లి రోజునే సోల్ ఊడిపోతుంది. కారణం తర్వాత తెలిసింది. మెత్తదనం కోసం మధ్యలో వేసే పాలీయురేథేన్‌ని గాల్లోని తేమే లోపల్నుంచి విడగొట్టేస్తుంది. వాడినా, వాడకపోయినా సరే. పైగా ఆ సోల్‌ని జిగురుతో అంటిస్తారు, ఊడదీసి కొత్తది వేసుకోవడం అంత తేలిక కాదు. పైన తోలు కొత్తదానిలా మెరుస్తుంటే, కింద చెత్తబుట్ట పాలు.

బావగారి బూట్ల కథ దీనికి తలకిందులు. పైన తోలు ముడతలు పడి నల్లబడింది, కింద రబ్బరు పగిలి నీళ్లు తాగుతోంది. ఆయన మాత్రం దిగులు లేకుండా వాటిని సంచిలో వేసుకుని కారెక్కారు.

ఐ-95 హైవే మీద పిస్కాటక్వా నది వంతెన దాటితే మేన్. దాటగానే వచ్చే కిటరీలో మా మొదటి మజిలీ. రూట్ వన్ పక్కన వరసగా అవుట్‌లెట్ మాల్స్, మధ్యలో కిటరీ ట్రేడింగ్ పోస్ట్. 1938లో చిన్న పెట్రోల్ బంకుతో మొదలైన దుకాణం, ఇప్పుడు పెద్ద భవనం. మెట్ల మీద నారింజ రంగు టోపీల గుంపు. మేన్‌లో తుపాకీతో జింక వేటకెళ్లేవాడు టోపీ ఒకటి, ఒంటి మీద ఒకటి, రెండు నారింజ రంగు బట్టలు వేసుకు తీరాలి. జింక కంటికి ఎరుపును పట్టే కణాలు లేవు, ఆ రంగు దానికి మసకగా కనబడుతుంది. సాటి వేటగాడికి మాత్రం అరమైలు దూరం నుంచీ కళ్లు జిగేల్మంటాయి. ఆదివారం పూట దుకాణానికి కూడా ఆ టోపీలెందుకో నాకర్థం కాలేదు. అలవాటు కాబోలు.

పాత తుపాకుల వరస దగ్గర బావగారు ఆగిపోయారు. ఒక వించెస్టర్ మోడల్ 70 రైఫిల్‌కి కట్టిన చీటీ మీద "ప్రీ-64" అని రాసుంది. దాని పక్కనే అదే మోడల్, దానికంటే చాలా ఏళ్ల తర్వాత తయారైనది, మెరుస్తోంది, ధర తక్కువ. ఎందుకో ఆయన వివరించారు. 1936లో వచ్చిన ఈ రైఫిల్‌లో, తూటా పెట్టె నుంచి బయటికి రాగానే దాని అంచుని ఒక పొడవాటి ఉక్కు పట్టీ ఒడిసిపట్టుకుంటుంది. గొట్టంలోకి వెళ్లేదాకా, పేలాక ఖాళీ తొడుగు బయట పడేదాకా ఆ పట్టు వదలదు. దానికి చేతి పని ఎక్కువ, ఖర్చు ఎక్కువ. 1964లో కంపెనీ లెక్కలు వేసుకుని ఆ పట్టీ తీసేసింది. పిడి మీద పట్టు కోసం చెక్కే గళ్లను కూడా చెక్కడం మానేసి అచ్చుతో నొక్కేసింది. కొనేవాళ్లు వెంటనే పసిగట్టారు. అప్పట్నుంచీ "64కి ముందుదా, తర్వాతదా" అన్నది ఈ సంతలో మొదటి ప్రశ్న. తొంభైల్లో కంపెనీ మళ్లీ ఆ పట్టీ తెచ్చింది గానీ, చీటీ మీద ఆ రెండంకెలు చెరగలేదు.

కౌంటరు మనిషి గొట్టాన్ని వెనక నుంచి మూసే బోల్ట్ తీసి ఖాళీ అని చూపించి బావగారి చేతికిచ్చాడు. ఆయన పిడి మీది గళ్లను బొటనవేలితో తడిమి, "పట్టుకుని చూస్తారా?" అని నావైపు తిరిగి, గుర్తొచ్చి నాలిక కరుచుకున్నారు. నేను వంగి కళ్లతోనే చూశాను. చెక్కిన గళ్లకి మొనలున్నాయి, వెలుతురు పడితే ఒక్కొక్కటీ విడిగా కనబడుతుంది. అచ్చు గళ్లు మాత్రం అరిగిన నాణెం మీది బొమ్మలా చదునుగా ఉన్నాయి.

అక్కడే ఒక పెద్దాయన కలిశాడు. ఒంటి మీద ఆకుపచ్చ, నలుపు గళ్ల ఉన్ని కోటు, మోచేతుల దగ్గర వేరే గుడ్డ అతుకులు. బావగారు మొహమాటం లేకుండా దాని వయసడిగారు. వాళ్ల నాన్నదట. వెర్మాంట్ రాష్ట్రంలో 1842 నుంచీ నడుస్తున్న జాన్సన్ వులెన్ మిల్స్ సరుకు. కొత్త రకం జాకెట్లుండగా ఈ బరువెందుకని నేనడిగితే ఆయన జవాబు చెప్పలేదు. పక్కన వేలాడుతున్న నైలాన్ జాకెట్ చేతిని గోటితో గీకాడు. సర్రుమంది. తన కోటు చేతిని గీకాడు. ఏమీ వినబడలేదు. జింక చెవులకి ఆ తేడా చాలు. పైగా ఉన్ని తడిసినా వెచ్చదనం పూర్తిగా పోదు, చిరిగితే అతుకు వేయొచ్చు. నైలాన్ జాకెట్‌లో నీళ్లనాపే పొర లోపల ఎక్కడో ఉంటుంది, అది చెడితే బాగుచేసే దర్జీ ఉండడు. అతుకులు ఎవరు వేశారని అడిగాను. "నేనే" అన్నాడు, కొంచెం కోపంగా. అతుకులు వంకరగానే ఉన్నాయిలెండి.

కొత్త ఉన్ని కోటు ధర చూసి వెనక్కి పెట్టేశాను. దాన్ని వేసుకునేంత చలిలో చెట్టు కింద గంటలకొద్దీ కూర్చునే ఉద్దేశం నాకు లేదు.

కిటరీ నుంచి ఫ్రీపోర్ట్‌కి గంటకు పైనే. టోల్ కట్టి పోర్ట్‌లాండ్ దాటి వెళ్లాం. మన వంటి తిండి దొరకదని ముందే తెలుసు కాబట్టి కారులోనే పులిహోర. ఫ్రీపోర్ట్ చిన్న ఊరు. మెక్డొనాల్డ్స్ కూడా పందొమ్మిదో శతాబ్దపు ఇంట్లోనే ఉంది. ఊరి నడిమధ్య ఎల్.ఎల్.బీన్ దుకాణం, దాని ముందు రెండు నిలువుల కంటే ఎత్తైన బూటు బొమ్మ. దుకాణం 1951 నుంచీ రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. తెల్లవారుజామున అడవికి బయల్దేరే వేటగాళ్లు దారిలో తలుపు తట్టేవాళ్లట. విసిగి అసలు మూయడమే మానేశారు.

ఈ ఊరికి అన్నం పెట్టింది ఒక్క బూటు. లియోన్ లియోన్‌వుడ్ బీన్ అనే వేటగాడు తడిసిన కాళ్లతో ఇంటికొచ్చి, రబ్బరు తొడుగు అడుగుకి తోలు పైభాగం కుట్టించుకున్నాడు. కింద నీళ్లు రావు, పైన బరువుండదు. 1912లో వ్యాపారం మొదలుపెట్టి, మేన్‌కి వేటకొచ్చే బయటి రాష్ట్రాల లైసెన్సుదారులకు కాగితం అచ్చేసి పంపాడు. మొదటి 100 జతల్లో 90 తిరిగొచ్చాయని కంపెనీ తన కథగా చెప్పుకుంటుంది. రబ్బరుని, తోలుని కలిపిన కుట్టు దగ్గరే విడిపోయాయి. అందరికీ డబ్బు తిరిగిచ్చి, అప్పు తెచ్చి, గట్టి రబ్బరుతో మళ్లీ చేయించాడు. ఇప్పటికీ ఆ బూటు మేన్‌లోనే తయారవుతుంది, రబ్బరు అడుగు లూయిస్టన్‌లో, కుట్టు పని బ్రన్స్‌విక్‌లో.

లూయిస్టన్ పేరు వినగానే మా మాటలు ఆగాయి. 2023 అక్టోబరులో అక్కడి బౌలింగ్ హాల్లో, బారులో ఒకడు కాల్పులు జరిపి 18 మందిని చంపాడు. తుపాకుల పనితనం గురించి పొద్దుట్నుంచీ ముచ్చట్లాడుతున్న మాకు ఆ సంగతి గుర్తు రాలేదంటే అబద్ధం. వేటకీ దానికీ సంబంధం లేదని బావగారి వాదన. కౌంటరు దగ్గర ఒకే రకం మనుషులుండరు కదా అని నాది. తేలలేదు.

ఈ కంపెనీకి ఒకప్పుడు జీవితకాలపు హామీ ఉండేది. ఎప్పుడు కొన్నా, ఎంత వాడినా, నచ్చకపోతే వాపసు. 2018 ఫిబ్రవరిలో తీసేసి ఒక ఏడాదికి కుదించారు. పాత సామాన్ల అమ్మకాల్లో ఐదు డాలర్లకు చిరుగుల చొక్కా కొని, ఇక్కడికి తెచ్చి కొత్తది పట్టుకెళ్లేవాళ్లు మరీ ఎక్కువైపోయారు. కంపెనీ మాట తప్పిందని అప్పట్లో చాలామంది తిట్టారు. నాకు మాత్రం ఆ హామీ మీద మొదట్నుంచీ మోజు లేదు. హామీ ఉన్న వస్తువు గట్టిదని లెక్క కాదు, పాడైతే ఇంకోటిస్తారని మాత్రమే. నేను చూసేది వేరు. ఎక్కడ కలిసింది, అక్కడ విప్పొచ్చా, విప్పితే మళ్లీ కలిపే మనిషున్నాడా.

ఈ బూటుకి ఉన్నాడు. బావగారు సంచి విప్పి తన జత కౌంటరు మీద పెట్టారు. అక్కడి అమ్మాయి వేళ్లతో మడత దగ్గర తోలు వంచి, పగుళ్లున్నాయేమో చూసింది, కొక్కేలు లాగి చూసింది. తోలు బాగుంటే పాత కుట్టు కోసేసి, కింద రబ్బరు మొత్తం తీసి, కొత్తది పెట్టి మళ్లీ కుడతారు. తోలు పగిలితే ఆ పని చేయరు. "ఏం రాస్తారు దీనికి?" అని అడిగింది, తోలు నిగనిగ చూసి. బావగారు ఏదో నూనె పేరు చెప్పారు. కారులో నా చెవిలో, "ఆవనూనె అని చెబితే తీసుకుంటరో లేదో అని" అన్నారు.

నేనూ ఒక జత కొన్నాను. కొనాలనుకునేవాళ్లకు ఒక మాట: మామూలు షూ కంటే ఒక సైజు తగ్గించి చూడండి, ఇవి వదులుగా వస్తాయి. లోపల వెచ్చదనం కోసం వేసే పొర లేనివే తీసుకుని మందపాటి ఉన్ని సాక్సులు వేసుకుంటే, తడిసినప్పుడు సాక్సులు మార్చుకుంటే చాలు. పొరే తడిస్తే ఆరడానికి రోజులు పడుతుంది. బురదకి, కరుగుతున్న మంచుకి, వాగుల అంచుకి వీటికి సాటి లేదు. రాళ్ల కొండ ఎక్కడానికి పనికిరావు, చీలమండకి ఏ ఆసరా ఉండదు.

బావగారి జత డిసెంబరులో పోస్టులో వచ్చింది. పైన అదే నల్లబడ్డ తోలు, కింద మిలమిల్లాడే కొత్త రబ్బరు. గడ్డకట్టిన మంచు మీద మాత్రం ఆ రబ్బరు, కొత్తదైనా పాతదైనా, జారుతుంది. అందుకని ఆయన వాటి కింద ఇనపముళ్ల పట్టీలు తగిలించుకుంటారు. ఆ పట్టీలు ఏటా తెగుతాయి, ఏటా కొత్తవి కొంటారు.