అమ్మాయి "సివిల్ రైట్స్ లాయర్ అవుతా" అన్నప్పుడు

అమెరికాలో పెరిగిన అమ్మాయి ఈ మాట అనగానే తెలుగు ఇంట్లో వినపడేది "పౌరహక్కులు". దాంతోపాటే ఎన్‌కౌంటర్లు, నిజనిర్ధారణ కమిటీలు, 1985లో వరంగల్లో తన క్లినిక్‌లోనే హత్యకు గురైన పౌరహక్కుల నాయకుడు డాక్టర్ రామనాథం గుర్తుకొస్తారు. తల్లిదండ్రుల భయం అక్కడిది. పిల్ల చెబుతున్నది వేరే పని: ఉద్యోగంలో వివక్ష, అద్దెకు ఇల్లివ్వకపోవడం, ఓటు హక్కు, పోలీసుల దౌర్జన్యం, బడిలో వికలాంగ పిల్లలకు అందని వసతులు.

ఇందులో ఎక్కువ భాగం కాగితాల పని, గడువుల పని. ఉద్యోగ వివక్ష మీద ఈఈఓసీకి (ఉద్యోగాల్లో సమాన అవకాశాలు చూసే ఫెడరల్ సంస్థకు) 180 రోజుల్లో ఫిర్యాదు చేయాలి. అదే వివక్షను నిషేధించే చట్టం, దాన్ని అమలుచేసే సంస్థ రాష్ట్రంలో ఉంటే 300 రోజులు. రాజ్యాంగ హక్కులు కాలరాశారని పోలీసుల మీద సెక్షన్ 1983 అనే ఫెడరల్ చట్టం కింద వేసే దావాకు గడువు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, టెక్సాస్‌లో రెండేళ్లే. గట్టి కేసులు కూడా ఈ తేదీల దగ్గరే చేజారిపోతాయి.

చదువు దారి సూటిగానే ఉంటుంది. నాలుగేళ్ల డిగ్రీ ఏ సబ్జెక్టులోనైనా సరే, కంప్యూటర్స్ అయినా పనికొస్తుంది. తర్వాత 120 నుంచి 180 మధ్య స్కోరు ఇచ్చే ఎల్‌శాట్ అనే లా ప్రవేశ పరీక్ష, మూడేళ్ల జేడీ అనే లా డిగ్రీ, ఆపైన లాయర్ లైసెన్సు కోసం బార్ పరీక్ష. లా స్కూల్లో ర్యాంకు కంటే ముందు చూడాల్సింది అక్కడి క్లినిక్‌లను. ప్రొఫెసర్ పర్యవేక్షణలో అసలు కక్షిదారుల కేసులు విద్యార్థులే నడిపేది అక్కడే.

ఫిలడెల్ఫియాలో భారతీయ దంపతులకు పుట్టిన వనితా గుప్తా 2001లో న్యూయార్క్ యూనివర్సిటీలో లా పూర్తిచేసి నల్లజాతివారి హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే ఎన్‌ఏఏసీపీ లీగల్ డిఫెన్స్ ఫండ్‌లో చేరారు. టెక్సాస్‌లోని టూలియా అనే చిన్న ఊళ్లో 1999లో ఒకే ఒక్క రహస్య పోలీసు మాట నమ్మి 46 మందిని డ్రగ్స్ కేసుల్లో అరెస్టు చేశారు. వాళ్లలో అత్యధికులు నల్లజాతివారు. ఆమె చేపట్టిన తొలి కేసుల్లో అదొకటి. 2003లో గవర్నర్ 35 మందికి క్షమాభిక్ష ఇచ్చారు. 2014లో ఆమె అమెరికా న్యాయశాఖ పౌరహక్కుల విభాగానికి అధిపతి అయ్యారు, 2021లో ఆ శాఖలోనే మూడో పెద్ద పదవి అయిన అసోసియేట్ అటార్నీ జనరల్.

ఇక డబ్బు. ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. పెద్ద కార్పొరేట్ సంస్థల్లో మొదటి ఏడాది జీతం 2,25,000 డాలర్లు; లాభాపేక్షలేని సంస్థల్లో దాదాపు మూడో వంతు. ఆ తేడాను పూడ్చడానికి ఉన్నది పీఎస్‌ఎల్‌ఎఫ్ అనే చదువు అప్పు మాఫీ పథకం: ప్రభుత్వంలోనో అర్హత ఉన్న లాభాపేక్షలేని సంస్థలోనో పూర్తికాలం పనిచేస్తూ 120 నెలవారీ వాయిదాలు కడితే మిగిలిన ఫెడరల్ అప్పు మాఫీ అవుతుంది. వడ్డీ తక్కువని ఆ అప్పును ప్రైవేటు బ్యాంకుకు మారిస్తే ఈ అర్హత పోతుంది, మళ్లీ రాదు. మన ఇళ్లలో మంచి ఉద్దేశంతోనే చేయించే పని ఇది, దయచేసి చేయించకండి. అవే కేసులు వాదించే ప్రైవేటు లా ఫర్మ్‌లో పనిచేసిన కాలం లెక్కలోకి రాదు. యజమాని ధ్రువీకరణ ఫారం ఏటా పంపడం మంచిది. 2026 జులై 1 నుంచి కొత్తగా లా చదివేవారికి ఫెడరల్ అప్పు ఏడాదికి 50,000, మొత్తం 2,00,000 డాలర్లకే పరిమితం.

హెచ్4 (తల్లిదండ్రుల హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడిన వీసా) మీద ఉన్న పిల్లలకు ఈ అప్పు అసలే రాదు. 21 నిండితే హెచ్4 కూడా పోతుంది, సొంతంగా ఎఫ్1 విద్యార్థి వీసాకి మారాల్సిందే. న్యాయశాఖ లాయర్లుగా దాదాపు అమెరికా పౌరులనే తీసుకుంటుంది. గ్రీన్‌కార్డు వరుసలో ఎక్కడున్నారో పిల్లకు పదో తరగతిలోనే చెప్పడం మంచిది. డిగ్రీ అయ్యాక తెలిస్తే మనసు విరిగిపోతుంది.

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో హైదరాబాద్ ఇంజనీరు శ్రీనివాస్ కూచిభొట్లను జాతి ద్వేషంతో కాల్చి చంపారు. రాష్ట్ర కోర్టులో హత్య కేసుతోపాటు ఫెడరల్ ద్వేష నేరం కేసు కూడా నడిచింది, 2018లో రెండుచోట్లా జీవితఖైదు పడింది. ఆ ఫెడరల్ కేసు నడిపినవాళ్లలో పౌరహక్కుల విభాగం లాయర్లున్నారు. "మనకెందుకీ గొడవలు" అనబోయే ముందు ఇది గుర్తుచేసుకోవాలి.

ఇంట్లో తెలుగు నిలబెట్టడానికీ ఈ వృత్తిలో ఉపయోగం ఉంది. జీతం ఎగ్గొట్టిన యజమాని గురించి అడిగితే మన పెద్దావిడ "పర్లేదులేమ్మా, పోనీ" అంటుంది. దుబాసీ దాన్ని "ఆమెకు ఫిర్యాదు లేదు" అని అనువదిస్తే కేసు అక్కడితో ఆగిపోతుంది. అమ్మమ్మ నోట ఆ "పర్లేదు" వింటూ పెరిగిన అమ్మాయి అయితే, కుర్చీ దగ్గరికి జరుపుకుని ఇంకోసారి అడుగుతుంది.