నల్ల అట్టముక్క

ఆదివారం రాత్రి, వెస్ట్ మాంబలం.

ఈరోజు ఉదయం పది గంటల ఆటకు మేనల్లుడిని వెంటబెట్టుకుని ఒక చిన్న తెలుగు దెయ్యం సినిమాకు వెళ్లాను. అందులో నటించినవారెవరూ పేరున్నవారు కారు, దర్శకుడికి అది మొదటి సినిమా, చెన్నై మొత్తం మీద రోజుకు ఒక్క ఆటే ఇచ్చారు. టిక్కెట్లు నిన్ననే ఫోనులో కొని పెట్టుకున్నాను. తీరా హాలుకు చేరిన తరువాత, మొత్తం ఆరు టిక్కెట్లే తెగాయి కాబట్టి ఆట రద్దయిందనీ, డబ్బు రెండు మూడు రోజుల్లో ఖాతాలో పడుతుందనీ, కావాలంటే పక్క తెరమీద ఆడుతున్న పెద్ద సినిమాకు కూర్చోవచ్చుననీ అక్కడి కుర్రవాడు మర్యాదగానే చెప్పాడు. ఆ ఆరింటిలో రెండు మావి. మిగిలిన నలుగురూ మాలాగే వచ్చి, గోడమీది పోస్టరు వంక కాసేపు చూసి, ఎవరి దారిన వారు వెళ్లిపోయారు. సినిమా బాగాలేకపోతే బాగాలేదనుకుంటూ ఇంటికి వచ్చేదాన్ని, అందులో బాధ లేదు. ఎవరో ఒకరు రెండు మూడేళ్లు కష్టపడి తీసినదాన్ని బాగుందో లేదో చూసే వీలు కూడా లేకుండా పోవడమే నాకు కష్టంగా తోచింది.

మేనల్లుడు ఇక్కడే విస్కామ్ (విజువల్ కమ్యూనికేషన్) రెండవ సంవత్సరం చదువుతున్నాడు, హాస్టల్లో ఉంటాడు, ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, "పోనీలే అత్తా, ఎలాగూ చుట్టేసి ఉంటారు" అన్నాడు. వాడు నన్ను ఊరడించడానికే అన్నా ఆ మాట నాకు గుచ్చుకుంది. చుట్టేయడమన్నది మన సినిమావాళ్ల నోట పుట్టిన మాట. పని మీద మనసు లేకుండా, ఎలాగో ఒకలాగ నిడివి నింపి బయటపడితే ఆ సినిమాను చుట్టేశారంటారు. తక్కువ డబ్బుతో తీయడానికీ దానికీ సంబంధం లేదని నా నమ్మకం. కోట్లు కుమ్మరించి చుట్టేసిన సినిమాలను నేను ఎన్నో చూశాను, చేతిలో ఉన్న నాలుగు రూపాయలనూ లెక్కపెట్టుకుంటూ ప్రాణం పెట్టి తీసిన సినిమాలనూ చూశాను. ఈ తేడాను వాడికి మాటలతో చెప్పడం కంటే కళ్లకు చూపించడం మేలనిపించింది.

భోజనాలయ్యాక కిటికీలకు దుప్పట్లు కట్టి, గది చీకటి చేసి, 1962లో వచ్చిన ‘కార్నివల్ ఆఫ్ సోల్స్’ పెట్టాను. దాన్ని తీసిన హెర్క్ హార్వీ అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్లో, కర్మాగారాలకూ బడులకూ పనికివచ్చే చిన్న చిన్న బోధనాచిత్రాలు తీసే సంస్థలో జీతానికి పనిచేసేవాడు. ఒకసారి కారులో వస్తూ, యూటాలోని ఉప్పుసరస్సు ఒడ్డున పాడుబడి ఉన్న సాల్టెయిర్ అనే వినోదశాలను పొద్దువాలిన వేళ చూశాడు. ఆ భవనాన్ని వాడుకునే కథ ఒకటి కావాలని తోటి ఉద్యోగి చేత రాయించుకుని, మూడు వారాలు సెలవు పెట్టి, వేళ్లమీద లెక్కపెట్టగలిగినంతమంది మనుషులతో, దాదాపు 33 వేల డాలర్ల ఖర్చుతో సినిమా పూర్తి చేశాడు. నాయికను వెంటాడే తెల్లముఖపు ప్రేతం వేషం కూడా తానే కట్టాడు. ఆయన జీవితంలో తీసిన పూర్తి నిడివి కథాచిత్రం అదొక్కటే.

అందులో నాకు ఎంతో ఇష్టమైన సన్నివేశం ఒకటి ఉంది. చర్చిలో ఆర్గన్ వాయించే ఆ అమ్మాయి ఒక బట్టల కొట్లో గౌను తొడిగి చూసుకుంటూ ఉండగా తెర నీటిమీది నీడలాగా ఒక్క క్షణం చలిస్తుంది, ఆ తరువాత లోకంలోని చప్పుళ్లన్నీ ఆగిపోతాయి. కొట్టు మనిషిని ఆమె పలకరిస్తే ఆ మనిషి ఆమెకు అడుగు దూరంలోనే ఉండి కూడా తల తిప్పదు. వీధిలోకి వస్తే కార్లు కదులుతుంటాయి, జనం నడుస్తుంటారు, ఏదీ వినిపించదు. చివరకు పార్కులో ఒక చెట్టు దగ్గర పక్షి కూత చెవిన పడటంతో ఆమె మళ్లీ మనుషుల్లో పడుతుంది. చిన్న సినిమాలకు శబ్దం పెద్ద ఖర్చు. ఆ ఖర్చును మిగిల్చే నిశ్శబ్దాన్నే ఆయన భయానికి వాడుకున్నాడు. నిన్నటిదాకా పలికిన మనుషులకు ఈరోజు మనం కనబడకపోతే ఎలా ఉంటుందన్న భయం అది, దానికి గ్రాఫిక్సు అక్కరలేదు. ఈ సన్నివేశం నడిచినంతసేపూ మేనల్లుడు ఫోను వంక చూడలేదు. సినిమాలో లోపాలు లేకపోలేదు. కొందరి నటన కొయ్యబారి ఉంటుంది, కొన్నిచోట్ల పెదవులకూ మాటకూ పొంతన కుదరదు. వాడు అవన్నీ పట్టుకున్నాడు, నేనూ ఒప్పుకున్నాను. అయితే పక్షి కూత దగ్గరకు మళ్లీ వెనక్కి వెళ్లి చూద్దామని అడిగినవాడు కూడా వాడే.

ఆ తరువాత మాటలు జార్జి రొమేరో 1968లో పిట్స్‌బర్గ్ దగ్గర తీసిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ మీదికి వెళ్లాయి, ఎందుకంటే అది వాడు చూసిందే. దేశమంతా చచ్చినవాళ్లు లేచి తిరుగుతున్నారని చెప్పాలి, చేతిలో ఉన్నవి లక్ష డాలర్ల పైచిలుకు మాత్రమే. అందుకని కథను ఒక పల్లెటూరి ఇంట్లో బంధించి, బయటి ఘోరాన్నంతా రేడియో చేతా టీవీ వార్తల చేతా చెప్పించారు. నలుపు తెలుపు సినిమా కాబట్టి చాక్లెట్ పాకమే రక్తమైంది. చివరిలో సినిమా పేరు మార్చినప్పుడు తెరమీద ఉండవలసిన హక్కుల ప్రకటన జారిపోవడంతో అది ఎవరైనా ప్రదర్శించుకోగల సినిమా అయిపోయింది. తీసినవారికి రావలసిన డబ్బు పోయింది, సినిమా మాత్రం ఊరూరా తిరిగింది. ఆ అన్యాయాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

"రెండు రోజుల్లో తీస్తే చుట్టేసినట్టు కాదా?" అని వాడు అడిగాడు. రోజర్ కార్మన్ 1960లో ‘ది లిటిల్ షాప్ ఆఫ్ హారర్స్’ చిత్రీకరణలో ఎక్కువ భాగాన్ని రెండు రోజుల్లో, వేరే సినిమాకు వేసిన సెట్లో ముగించిన సంగతి వాడికి క్లాసులో చెప్పారట. ఆ రెండు రోజులకు ముందు నటులతో మూడు రోజులు రిహార్సల్సు చేయించిన సంగతిని కూడా కలిపి చెప్పుకోవాలి. తొందర వేరు, అశ్రద్ధ వేరు.

ఎడ్ వుడ్ విషయంలో మాత్రం నేను తేలికగా తీర్పు చెప్పలేను. ఆయన తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’ను 1980లో వచ్చిన ఒక పుస్తకం ప్రపంచంలోకెల్లా చెత్త సినిమాగా ఎంపిక చేసినప్పటి నుంచి, దాన్ని నవ్వుకోవడానికే చూసేవాళ్లు ఎక్కువయ్యారు. డ్రాకులా వేషంతో పేరు తెచ్చుకున్న నటుడు బేలా లుగోసీ 1956లో మరణించేనాటికి ఆయన మీద తీసి ఉంచిన కొద్దిపాటి ఫిల్ము తప్ప వుడ్ దగ్గర ఏమీ లేదు. మిగతా సన్నివేశాల్లో వెన్నెముకను చేతులతో సరిచేసే ఒక కైరోప్రాక్టర్ చేత నల్లటి పైవస్త్రం ముఖానికి అడ్డం పెట్టించి నడిపించాడు. ఆ మనిషి లుగోసీ కంటే పొడుగని చూడగానే తెలిసిపోతుంది. జనం అక్కడ నవ్వుతారు. చనిపోయిన మిత్రుడిని ఆ చివరి తునకల్లోనైనా తెరమీద నిలబెట్టాలన్న ఆరాటం నాకు అక్కడ కనబడుతుంది, నవ్వు రాదు. అంతమాత్రాన దాన్ని మంచి సినిమా అనలేను. ఒకే సన్నివేశంలో ఒక షాటు పగలూ మరుసటి షాటు రాత్రీ అయితే ఆ తప్పు డబ్బు లేకపోవడం మీదికి నెట్టలేము, చూసుకోకపోవడం మీదికే వెళుతుంది. ఈ మధ్య నవ్వించడానికని కావాలనే చెత్తగా తీస్తున్న సినిమాలంటే మాత్రం నాకు సహనం లేదు. తెలియక తప్పు చేసినవాడి మీద జాలి కలుగుతుంది, వీళ్లు ఆ జాలిని అమ్ముకుంటున్నారు.

ఇంకొక మాట కూడా ఇక్కడ రాసి పెట్టుకోవాలి. ఇప్పుడు మన తెలుగులో సినిమా విడుదలైన మొదటి ఆటకే ‘కల్ట్’ అని పోస్టరు వేసేస్తున్నారు. ఆ పేరు తీసినవాళ్లు పెట్టుకునేది కాదు. మొదట కాదని తోసేసిన సినిమాను కొద్దిమంది పట్టుదలగా పదేపదే చూసి, పదిమందికి చూపించి, ఏళ్ల తరబడి మోస్తే దక్కే పేరు అది. 2011లో ఈ ఊళ్లోనే, ఇక్కడి రౌడీల కథతో వచ్చిన తమిళ సినిమా ‘ఆరణ్య కాండం’ హాళ్లలో నిలబడలేదు. తరువాత దర్శకుడి తొలి చిత్రంగానూ, ఎడిటింగుకూ రెండు జాతీయ పురస్కారాలు తెచ్చుకుని, చేతులు మారుతూ మారుతూ ఈ రోజు సినిమా చదివే పిల్లలందరి నోటా ఉంది. మన ‘ఐతే’ 2003లో కొత్త ముఖాలతో వచ్చినప్పుడు, పెద్ద హీరో లేకుండా తెలుగు సినిమా నిలుస్తుందని నమ్మినవాళ్లు ఎంతమంది? కన్నడంలో 2013లో వచ్చిన ‘లూసియా’కు నిర్మాతలు ముందుకు రాకపోతే, వంద మందికి పైగా మామూలు ప్రేక్షకులు తలా కొంత వేసుకుని డబ్బు సమకూర్చారు. ఇలా మోసినవాళ్లది నాకు పెద్ద మనసుగా తోస్తుంది.

సాయంత్రం కాఫీ వేళకు కింది వాటాలో ఉండే బాబాయిగారు పైకి వచ్చారు. ఆయన వడపళనిలో విజయా వాహినీ స్టూడియో నడిచిన రోజుల్లో కెమెరా విభాగంలో అసిస్టెంటుగా పనిచేశారు. ఆ స్థలంలో ఇప్పుడు మాల్ నిలబడి ఉంది. ఆయన వచ్చేసరికి మేము విఠలాచార్యగారి ‘జగన్మోహిని’ చూస్తున్నాము. 1978లో వచ్చిన ఆ సినిమాలో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే ఘట్టం వచ్చింది, మేనల్లుడు గట్టిగా నవ్వాడు. బాబాయిగారు వాడి పక్కనే కూర్చుని, "మీ అత్తను అడుగు, మా కాలంలో ఆడపిల్లలు ఈ సినిమా చూసొచ్చి పొయ్యి రాజేయడానికి భయపడేవాళ్లు" అన్నారు. నాకు అప్పటికి ఆరేళ్లు, ఆ భయం నిజమే. పాడుబడిన కోటలోనో శ్మశానంలోనో కనబడే దెయ్యం సినిమా అయిపోగానే అక్కడే ఉండిపోతుంది. వంటింట్లో కూర్చున్న దెయ్యం మన వెంట ఇంటికి వస్తుంది. ఆ ఊహకు పైసా ఖర్చు కాలేదు. ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి తెలుగువాళ్ల చేత జానపద బ్రహ్మ అనిపించుకున్న మనిషి అది పట్టుకోగలిగారు. కాల్షీట్లతో ఇబ్బంది పెట్టిన నటుడి పాత్రను ఆయన శాపం పేరుతో చిలకగానో మేకగానో మార్చి షూటింగు సాగించేవారని ఇక్కడి సినిమావాళ్ల పేట కోడంబాక్కంలో ఈనాటికీ చెప్పుకుంటారు.

"ఒకే మనిషి తెరమీద రెండుచోట్ల ఎలా కనబడేవాడు తాతగారూ?" అని మేనల్లుడు అడిగాడు. బాబాయిగారు సమాధానం చెప్పలేదు, ఇంట్లో నల్ల చార్టు ఉందా అని నన్ను అడిగారు. ముగ్గురమూ మేడమీదికి వెళ్లాము. మేనల్లుడి కెమెరాలో ఒకే ఫోటోమీద రెండుసార్లు తీసే ఏర్పాటు ఉందట. దాన్ని స్టాండుకు బిగించి, కాళ్ల కింద ఇటుకలు సర్ది, ఎవరూ ముట్టుకోవద్దన్నారు. బ్లేడుతో చార్టును నిలువుగా కోసి, లెన్సుకు బెత్తెడు ముందు ఎడమ సగానికి అడ్డం పట్టుకుని చూశారు. "మరీ దగ్గరగా పెడితే అంచు పొగలా పరుచుకుంటుంది, మరీ దూరం పెడితే కత్తితో గీసినట్టు కనబడి దొరికిపోతాము" అంటూ గోరంత ముందుకూ వెనక్కూ జరిపారు. ఆ రోజుల్లో అయితే మొదటి సగం తీసిన తరువాత ఫిల్మును సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వెనక్కి తిప్పి, అప్పటికే తీసిన సగాన్ని మూసి రెండో సగం తీయాలి, తప్పొస్తే ఆ పూట పనంతా పోతుంది, ఒప్పొచ్చిందో లేదో ల్యాబు నుంచి వచ్చేదాకా తెలియదు. కెమెరా వెంట్రుకవాసి కదిలినా గోడలు రెండుగా కనబడతాయి.

మేనల్లుడు మొదట నీళ్ల ట్యాంకుకు కుడివైపు నిలబడ్డాడు. తరువాత అట్ట రెండోవైపుకు మార్చి, వాడిని ఎడమవైపు నిలబడి మొదటి తనను చూస్తున్నట్టు తల తిప్పమన్నారు. ఎంత ఎత్తుకు చూడాలో తెలియడానికి అక్కడ ఒక చీపురుకు తువ్వాలు కట్టి నిలబెట్టి, వాడి చూపు కుదిరాక తీసేయించారు. ఈలోగా మబ్బు కమ్మింది. ఫోటోలో ఇద్దరు మేనల్లుళ్లు ఉన్నారు. ఒకరి చొక్కా ఎండలో మెరుస్తోంది, ఇంకొకరిది మసకబారి ఉంది, మధ్యలో ట్యాంకు పొట్టమీద బూడిదరంగు గీత నిలువునా దిగింది.

వాడు ఆ ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి, చాలాసేపు చూశాడు. బాబాయిగారు కళ్లజోడు సవరించుకుని, "గీతను ట్యాంకు మీదికి తేకూడదు, మెట్ల గది తలుపు అంచుమీద దించాలి. అంచున్న చోట ఇంకో అంచును ఎవరూ వెతకరు" అన్నారు. తరువాత ఆకాశం వంక చూసి, పొద్దున ఆరున్నర నుంచి ఏడు దాకా ఇక్కడ వెలుగు నిలకడగా ఉంటుందని చెప్పారు. రేపు వాడికి తొమ్మిదింటికి క్లాసుంది. హాస్టలుకు ఫోను చేసి రాత్రికి ఇక్కడే ఉంటానని చెప్పాడు. నల్ల అట్టముక్క నలగకుండా నా పాత డైరీలో పెట్టుకుని, ఆరు గంటలకు లేపమని నాకు రెండుసార్లు చెప్పి పడుకున్నాడు.