దెందులూరు పక్కన

పదకొండు దాటింది. ఇడ్లీ పిండి పొంగి మూత ఎత్తేస్తుందేమో అని ఒకసారి చూసొచ్చి కూర్చున్నా. ఈయన ఎప్పుడో పడుకున్నారు, అత్తయ్యగారు సౌండ్ తగ్గించి సీరియల్ చూస్తున్నారు, ఆ తగ్గించిన సౌండే నాకు ఎక్కువ వినిపిస్తుంది, సరే ఆ రామాయణం ఇంకోసారి.

సాయంత్రం వేణి ఫోన్ చేసింది. అప్పుడు నేను ఫోన్ భుజానికి ఆనించుకుని పోపు వేస్తూ, బుడ్డోడి స్కూల్ బెల్ట్ ఎక్కడ పడేశాడో అని వాడి మీద అరుస్తున్నా. "రేపు చేస్తానే, వీడిని వ్యాన్ ఎక్కించాక తీరిగ్గా మాట్లాడుకుందాం" అన్నా. "సరేలే, ఏం లేదులే" అని పెట్టేసింది. అంతే, అక్కడితో మర్చిపోయేదాన్నే. కానీ రాత్రి గిన్నెలు తోముకుంటూ ఫోన్ సింకు పక్కన నిలబెట్టి ఏదో ఒకటి పెడదామని నొక్కితే సిల్క్ స్మిత గురించి, అప్పట్లో ఆవిడలాగే సినిమాల్లో డాన్సులు చేసిన అనురాధ గారు చెప్పిన ముక్క వచ్చింది. అదే, మీకూ తెలిసే ఉంటుంది. 1996 సెప్టెంబర్ 22 రాత్రి స్మిత ఫోన్ చేసి ఒకసారి రాగలవా అని అడగడం, ఈవిడ పొద్దున పిల్లల్ని స్కూల్లో దింపేసి వస్తాననడం. తెల్లారేసరికి స్మిత లేదు. 35 ఏళ్ళు.

చేతిలో సబ్బు పీచు అలాగే ఉండిపోయింది. వ్యాన్ ఎక్కించాక, అని నేనూ అన్నా కదా రెండు గంటల క్రితం.

మొదట నాకు కోపం అనురాధ గారి మీదే వచ్చింది, నిజం చెప్తున్నా. వెళ్ళొచ్చు కదా, మద్రాసేగా, ఆటో ఎక్కితే ఎంతసేపు అనుకున్నా. తర్వాత కింద కామెంట్లు చూస్తే అందరూ అచ్చం అదే అంటున్నారు. నేను అనుకున్నదే వాళ్ళ నోట వింటే మాత్రం ఒళ్ళు మండింది. చిన్నపిల్లలున్న ఇల్లు, రాత్రి పూట, రేపు వస్తానంది. ఎవరైనా అదే అంటారు. ఆవిడకేమన్నా కల వచ్చిందా? అసలు ఆ ముక్కని ఎన్ని రకాలుగా కోసి పెడతారో, ఎర్ర బాణం గుర్తు, ఒకటే ఏడుపు మ్యూజిక్, "ఆ రాత్రి ఏం జరిగింది". ఒకే మాటని పది వీడియోలు చేశారు. ఆవిడ ఎక్కడ మాట్లాడినా తిప్పి తిప్పి ఆ ఫోన్ దగ్గరికే తీసుకొస్తారు. అనురాధ అంటే ఎవరో మా బుడ్డోడి తరానికి తెలీదు, ఆర్యలో ఆ అంటే అమలాపురం చేసిన అభినయశ్రీ వాళ్ళమ్మ అంటే గానీ వెలగదు. ఈవిడ కూడా ఎన్ని వందల పాటలకి డాన్స్ చేసిందో, యాక్సిడెంట్ అయిన భర్తని ఏళ్ళ తరబడి ఎలా చూసుకుందో, అవి అడిగేవాళ్ళు తక్కువ. ఇద్దరూ ఒకే సెట్లో ఉంటే ఏం తిన్నారు, దేనికి నవ్వుకున్నారు, అది ఒక్కళ్ళూ అడగరు. స్మిత తొందరగా ఎవరితోనూ కలిసిపోయేది కాదట, డ్రెస్సుల మీద మేకప్ మీద మాత్రం తెగ శ్రద్ధట. నాకైతే ఆ డ్రెస్సుల సంగతే ఇంకో గంట వినాలని ఉంది.

అయినా వాళ్ళనని ఏం లాభం. ఆ ఎర్ర బాణం నొక్కింది నేనే.

వేణి సంగతి చెప్పాలి. వేణిది కొవ్వలి. ఏలూరు నుంచి బస్సులో కాసేపే, సిల్క్ స్మిత పుట్టిన ఊరు. ఏడో క్లాసులో మా స్కూల్లో చేరినప్పుడు మీదేవూరే అంటే "దెందులూరు పక్కన" అనేది. పక్కన ఏ ఊరే అంటే మాట మార్చేసేది. ఎందుకో మాకు తర్వాత తెలిసింది, తెలిశాక మగపిల్లలు వదుల్తారా. బస్సులో కండక్టర్ కూడా "కొవ్వలి కొవ్వలి" అని అరుస్తూ ఒక నవ్వు నవ్వేవాడట, ఆ నవ్వు కోసమే స్టాప్ రాకముందే ఫుట్‌బోర్డ్ మీదకి వెళ్ళి తల దించుకుని నిలబడేదాన్ని అని వేణి చాలా ఏళ్ళ తర్వాత చెప్పింది.

మా అమ్మని తీసుకుంటే ఇంకా చిత్రం. 1991లో ఆదిత్య 369కి తీసుకెళ్ళింది, నాకు ఎనిమిదేళ్ళు. కృష్ణదేవరాయల సభలో సురమోదము పాట, రాజనర్తకి సింహనందినిగా స్మిత. హీరోయిన్ని చూడ్డం మానేసి ఆవిడ్నే చూస్తూ కూర్చున్నా, ఆ కళ్ళు, నడుం మీద చెయ్యి పెట్టి అలా చూసే చూపు. అమ్మ చీకట్లో నా చెవి దగ్గరికి వంగి "మన కొవ్వలి పిల్లే" అంది. గొంతులో గర్వం స్పష్టంగా వినిపించింది నాకు. బయటికొచ్చాక గోడ మీద ఇంకేదో సినిమా పోస్టర్లో అదే మనిషి ఉంటే నా మొహం పక్కకి తిప్పి గబగబా లాక్కెళ్ళిపోయింది. సీతాకోకచిలుకలో శరత్‌బాబు భార్యగా చీరకట్టుతో ఉన్నది కూడా ఈవిడే అంటే అమ్మ ఇప్పటికీ సగమే నమ్ముతుంది. సావిత్రిలా మంచి నటి అవ్వాలని వచ్చానని ఆవిడే చెప్పుకుంది, ఎవరు విన్నారు.

మా పిన్ని పెళ్ళిలో బ్యాండు వాళ్ళు ఆవిడ పాటే, బావలు సయ్యా కొడితే మా బాబాయిలందరూ తువ్వాళ్ళు తిప్పుతూ ఎగిరారు. ఆవిడ పోయిన వార్త పేపర్లో చూసి అరుగు మీద కూర్చుని "అలాంటి బతుకులు అంతేరా" అని తీర్పు చెప్పింది కూడా వాళ్ళే.

ఆ రోజు స్కూల్లో ప్రేయర్ అవ్వగానే వెనక బెంచీ వాడొకడు "ఏంటే మీ అక్క పోయిందంటగా" అన్నాడు వేణిని. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వా. పెద్దగా కాదు, కానీ నవ్వా. మధ్యాహ్నం తను కారియర్ తెచ్చుకుని వరండా చివర కూర్చుంది, పెరుగన్నం, మాగాయ ముక్క, ముక్కని అన్నం మీద అటూ ఇటూ జరుపుతూ ఉంది గానీ తినలేదు. నేను మామూలుగా తన పక్కనే కూర్చునేదాన్ని, ఆ రోజు వేరే వాళ్ళతో కూర్చున్నా. మర్నాడు మళ్ళీ మామూలే, తను ఏమీ అడగలేదు, నేనూ ఏమీ చెప్పలేదు. తను ఒక్కసారి మాత్రం "మా నాన్నమ్మ రాత్రి ఏడ్చిందే" అంది. నేను "ఊ" అన్నా.

పోయినప్పటి స్మిత కంటే ఇవాళ నాకే ఏడేళ్ళు ఎక్కువ. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు స్నేహితుల మాటల్లో స్మిత ఎలా ఉండేదో రాద్దామనుకున్నా, స్మిత అని పేరు పెట్టిన తమిళ నటుడు వినుచక్రవర్తి గారి గురించి కూడా రాద్దామనుకున్నా, ఎక్కడికో వచ్చేశా. ఆయన చెప్పేదాంట్లో చేరదీసిన కూతురు, అనురాధ గారు చెప్పేదాంట్లో రాత్రి ఫోన్ చేసిన స్నేహితురాలు. మా క్లాసు చెప్పాలంటే ఏం చెప్తుంది, ఒక జోకు.

ఇక ఆగలేక ఇందాకే వేణికి "పడుకున్నావా" అని మెసేజ్ పెట్టా. నీలం టిక్కులు పడ్డాయి, వెంటనే ఫోన్. "ఏమైందే, పెద్దమ్మకి బాగానే ఉందా?" అని కంగారు. బానే ఉందే, నువ్వు సాయంత్రం ఎందుకు చేశావు అంటే, "మీ వీధి చివర టైలర్ నంబరు కోసమే, జాకెట్లిచ్చి నెలైంది, దీనికి అర్ధరాత్రి లేపుతావా, నీకేమన్నా పిచ్చా" అని నాలుగు చీవాట్లు పెట్టింది. ఆ వరండా సంగతి నాలిక చివరిదాకా వచ్చింది. "సరే పంపుతా" అని పెట్టేశా.

నంబరు పంపాక గుర్తొచ్చింది, అది వాడి పాత నంబరు. పొద్దున చెప్పాలి.