టిక్కెట్టు కిటికీ లేని స్నానశాల

జపాన్‌లో టోక్యో నుంచి ఈయామాకు షింకాన్సెన్, అంటే బుల్లెట్ రైలు, టిక్కెట్టు మన లెక్కలో దాదాపు 5000 రూపాయలయింది. రెండు గంటలు కూడా పట్టని ప్రయాణానికి ఇంత ధరా అని ఈయామాలో దిగి బస్సెక్కాక కూడా మనసులో గొణుక్కుంటూనే ఉన్నాను. నేను వెళ్లిన వేడినీటి ఊటల ఊరు నొజావా ఒన్సెన్‌లో బస ఖర్చు చూశాక ఆ గొణుగుడు ఇంకా పెరిగింది. అందుకే సాయంత్రం ఊరి నడుమ ఉన్న ఒయు స్నానశాలకు వెళ్లినప్పుడు నా కళ్లు మొదట టిక్కెట్టు కిటికీ కోసం వెతికాయి. కిటికీ లేదు, కాపలా మనిషీ లేడు. ఉన్నదల్లా విరాళాల పెట్టె ఒక్కటే.

ఇలాంటి స్నానశాలలు ఆ ఊళ్లో 13 ఉన్నాయి. అన్నీ ఊరివాళ్లవే. ఒక్కో స్నానశాల చుట్టూ ఉన్న ఇళ్లవాళ్లు ఒక జట్టుగా ఉంటారు. ఆ జట్టును యునకమా అంటారు, వేడినీళ్ల నేస్తాలన్నమాట. వంతులు వేసుకుని తొట్లు తోమేదీ, కరెంటు ఖర్చు పంచుకునేదీ వాళ్లే. ఎక్కడి నుంచో వచ్చిన నన్ను కూడా ఆ నీళ్లలోకి ఉచితంగా రానిచ్చారు.

ఒంటిమీద నూలుపోగు లేకుండా పదిమంది మధ్యకు వెళ్లడానికి చాలాసేపు వెనకాడాను. తీరా వెళ్లి తొట్టెలో కాలు పెడితే నిప్పుల్లో పెట్టినట్టయింది. చన్నీళ్ల కుళాయి కనబడగానే చెయ్యి చాచాను. ఎదురుగా మెడదాకా మునిగి ఉన్న ఒక తాతగారు ఆగమన్నట్టు చెయ్యెత్తారు. కోపం లేదు ఆయన ముఖంలో. తొట్టెలో ఉన్న మిగతావాళ్లను ఏదో అడిగారు. వాళ్లు తలలూపాక తానే లేచివచ్చి కుళాయి కాసేపు తిప్పి కట్టేశారు. అందరి నీళ్లు కదా, అడిగి చల్లార్చాలి! అంత సూటిగా, అంత మర్యాదగా నాకెవరూ ఏదీ నేర్పలేదు. బయటికి వచ్చాక నా ఫోనులో పటం మీద ఆయన ఇంకో స్నానశాలను చూపించారు. కుమనొతెఅరాయు, అంటే ఎలుగుబంటి చేతులు కడుక్కున్న నీళ్లు. గాయపడిన ఎలుగుబంటి అక్కడ మాన్చుకుందని ఊళ్లో కథ. అక్కడి నీళ్ల వేడి కాస్త తక్కువట.

మర్నాడు పైనున్న ఒగామాకు వెళ్లాను. 90 డిగ్రీల నీళ్లు ఉబికే ఊటలవి. చుట్టూ కంచె ఉంది, బయటివాళ్లకు ప్రవేశం లేదు. ఇంత దూరం వచ్చినవాడిని ఆపేస్తారా అని చిరాకుపడ్డాను. కంచె లోపల ఒకామె బుట్టెడు ఆకుకూర వేడినీళ్లలో ముంచి తీస్తుంటే చూసి తగ్గాను. అది ఊరి వంటిల్లు. మన వంటింట్లోకి మాత్రం దారినపోయేవాళ్లను రానిస్తామా?

నవంబరు నెల, నొజావనా అనే ఆ ఊరి ఆకుకూరను ఊరబెట్టే కాలం. స్నానశాల బయటి తొట్టె దగ్గర ఆడవాళ్లు ఆ మూరెడు కాడలను వేడినీళ్లలో కడుగుతున్నారు. వెనకాల కొండమీద ఎర్రబడిన ఆకులు, వాటికి పైన సన్నటి మంచు, వీధి కాలువల్లోంచి లేచే ఆవిరి. ఆ ఆవిరి వాసనకు భద్రాచలం దగ్గరి గుండాల ఊరు గుర్తొచ్చింది. చిన్నప్పుడు నాయనమ్మ గోదావరి ఇసుక తవ్వి, ఊరిన వేడినీళ్లలో నా కాళ్లు పెట్టించింది. మేం తిరిగి వచ్చేశాక ఆ గుంటను ఎవరు పూడ్చారన్నది ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

బయల్దేరే రోజు పొద్దున్నే ఎలుగుబంటి స్నానశాలకు వెళితే లోపల ఇద్దరు చీపుళ్లతో తొట్టె తోముతున్నారు. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. విరాళాల పెట్టెలో చేతికొచ్చిన నాణేలన్నీ వేసి గుమ్మం దగ్గర నిలబడ్డాను. వాళ్లు తొట్టె కడిగి, ఊటనీళ్లు వదిలి, నన్ను లోపలికి రమ్మని పిలిచారు. అప్పటికి నీళ్లు మోకాలిదాకానే నిండాయి.