హన్నా పేరు 18వ వచనంలో ఉంది

ఆడపిల్ల పుట్టగానే బైబిల్లోని సమూయేలు ప్రవక్త తల్లి పేరు పెట్టాలని పేర్ల పట్టిక తిరగేసి "హన్నా అంటే కృప" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. బిడ్డను దేవునికి ప్రతిష్ఠించే ఆరాధన కార్డు మీద చూస్తే ఒకచోట హనా, ఇంకోచోట హాన్న. హీబ్రూలో ఈ పేరుకి మూడే అక్షరాలు: హేత్, నూన్, హే. హేత్ గొంతు లోపలి నుంచి ఒరుసుకుంటూ వచ్చే ధ్వని. దానికి మనకు అక్షరం లేదు, హ తోనే సరిపెట్టుకోవాలి. నూన్‌ని మాత్రం ఒత్తి పలకాల్సిందే, ధాతువులోనే రెండు నూన్‌లున్నాయి: హ-న-న. యోహాను, హనన్యా ఈ ధాతువు పిల్లలే. సంస్కృతంలోని హననంతో దీనికి ఏ చుట్టరికమూ లేదు, ఆ దిగులు అక్కర్లేదు.

ఇక అర్థం. 51వ కీర్తన మొదటి వచనం తీయండి. "నీ కృపచొప్పున" అన్నచోట హీబ్రూలో హెసెద్, అంటే నిబంధన చేసినవాడు దానికి కట్టుబడి ఉండటం. "వాత్సల్యము" అన్నచోట రహమీమ్, గర్భం అనే మాటకు దగ్గరి బంధువు, తల్లి కడుపుతీపి లాంటిది. "నన్ను కరుణింపుము" అన్నచోట ఉన్నదే మన హన్నా ధాతువు. ఏ హక్కూ లేనివాడి వైపు పైవాడు మనసుపడి చూడటం. దాని నామవాచకం హేన్. అది ఎక్కువగా "నీ దృష్టికి" అన్న మాటతోనే వస్తుంది, చూసేవాడి కళ్లలో దొరికేది గనక.

ఇప్పుడు 1 సమూయేలు 1:18. పిల్లల్లేని హన్నా షిలోహు మందిరంలో ఏడుస్తూ ప్రార్థిస్తోంది. ఆమె పెదవులు కదులుతున్నాయి, స్వరం వినబడలేదు, యాజకుడు ఏలీ ఆమె తాగి ఉందనుకున్నాడు. (యూదుల రబ్బీలు నిలబడి చేసే ప్రార్థనకు ఈమెనే మాదిరిగా పెట్టారు: పెదవి కదలాలి, గొంతు పైకి లేవకూడదు. యూదుల కొత్త సంవత్సరం రోష్ హషానా మొదటి రోజున సమాజమందిరాల్లో ఈ భాగమే చదువుతారు.) ఏలీ సమాధానంగా వెళ్లమన్నాక ఆమె కోరింది ఒక్కటే: నీ దృష్టికి నాకు హేన్ దొరకాలి. తన పేరునే అడుగుతోంది! ఆ వెంటనే వెళ్లి భోజనం చేసింది, ముఖంలో దుఃఖం పోయింది. గర్భం ధరించడం 20వ వచనంలో. అంటే ముఖం మారేనాటికి ఒడిలో ఇంకా ఏమీ లేదు.

స్త్రీల కూడికల్లో "హన్నాలా ఏడ్చి ఉపవాసముండండి, బిడ్డ పుడతాడు" అని లెక్క కట్టి చెప్పేవాళ్లు దయచేసి ఇక్కడ ఆగండి. పిల్లల్లేని ఆడవాళ్ల గుండె మీద ఇంకో రాయి పెట్టకండి. చెప్పాలంటే 24వ వచనం కూడా చెప్పండి. దేవునికి అప్పగించడానికి తెచ్చిన, పాలు మాన్చిన బిడ్డతోపాటు మూడు కోడెలు, తూమెడు పిండి, ద్రాక్షారసపు తిత్తి. ఆ తూము హీబ్రూలో ఏఫా, సుమారు 22 లీటర్లు. సంఖ్యాకాండము 15:9 ప్రకారం బలి ఇచ్చే ఒక్కో కోడెకు ఏఫాలో పదింట మూడు వంతుల పిండి. మూడింటికి పదింట తొమ్మిది వంతులు. ఆమె కొలతకు మించే తెచ్చింది.

ఇదే పేరు గ్రీకులోకి వెళ్లి మన లూకా సువార్తలో "అన్న" అయింది. తెలుగు చెవికి తోబుట్టువులా వినిపించి చాలామంది దాటేస్తారు. లూకా 2:36–38లోని ప్రవక్త్రి ఈమె. భర్తతో ఏడేళ్లు కాపురం, తర్వాత వైధవ్యం, ఎనభై నాలుగేళ్లు, దేవాలయం విడవకుండా ఉపవాస ప్రార్థనలు. ఆమెకు బిడ్డ ఉన్నట్టు లూకా ఒక్క మాట రాయలేదు.