లినక్స్‌లో ఎఫ్‌టీ8: ఒక కేబుల్ పెట్టిన తంటా (నా అనుభవం)

నిన్న సాయంత్రం జపాన్ స్టేషన్ ఒకటి నాకు మైనస్ 16 రిపోర్టు ఇచ్చింది, అంటే నా సిగ్నల్ రొద కంటే 16 డెసిబెల్స్ కింద ఉన్నా అందిందన్నమాట. 14.074 మెగాహెర్ట్జ్, 50 వాట్లు, మేడ మీద కట్టిన మామూలు వైర్ డైపోల్ యాంటెన్నా. ఎఫ్‌టీ8లో జపాన్ దొరకడం పెద్ద విశేషమా అని పాత హ్యామ్‌లు (లైసెన్సుతో సరదాకి రేడియో నడిపేవాళ్లు) నవ్వుతారు. నవ్వనివ్వండి. నాకు కష్టమైంది జపాన్‌ని చేరడం కాదు. రేడియోకీ ల్యాప్‌టాప్‌కీ మధ్య ఉన్న ఆ మూరెడు కేబుల్‌ని దాటడం. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

ఎఫ్‌టీ8 తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. రేడియోకి కంప్యూటర్ తగిలించి చిన్న చిన్న సందేశాలు పంపుకునే డిజిటల్ పద్ధతి ఇది. పల్సర్ల మీద పనికి 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకే కలిసి 2017లో దీన్ని విడుదల చేశారు. పదిహేను సెకన్లు ఒకరు పంపాలి, పదిహేను సెకన్లు ఇంకొకరు. ఒక్కో సిగ్నల్ తీసుకునే వెడల్పు 50 హెర్ట్జ్. చెవికి వినపడని సిగ్నల్‌ని కూడా ప్రోగ్రామ్ చదివి అక్షరాలుగా చూపిస్తుంది. ఆ ప్రోగ్రామ్ పేరు డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్. ఉచితం, సోర్స్ కోడ్‌తో సహా. లెక్కల వరకు అద్భుతం, చేతులెత్తి దండం పెట్టొచ్చు.

ఇన్‌స్టాల్ అయిదు నిమిషాల్లో అయిపోయింది. గడియారం సరిచూసుకోవడం కూడా సులువే. టైము ఒకటి రెండు సెకన్లు తప్పితే అవతలివాళ్ల సిగ్నల్ చదవడం కష్టమవుతుంది కాబట్టి కంప్యూటర్ టైముని నెట్ ద్వారా సరిచేసే క్రోనీ వేసుకున్నాను, మళ్లీ దాని మొహం చూడలేదు. ధ్వని కోసం చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు. రేడియోలో ఏఎల్‌సీ మీటరు (ధ్వని మరీ ఎక్కువైతే కదిలేది) కదలకుండా వాల్యూమ్ తగ్గించుకోవాలి, అంతే.

ఇక రేడియోని కంప్యూటర్ నడపాలి. నాది పాత ఎఫ్‌టీ-857డీ రేడియో. దానికి కంప్యూటర్ ఆదేశాలు మోసే క్యాట్ కేబుల్ ఉంది, ఏళ్ల తరబడి బ్రహ్మాండంగా నడిచింది. లినక్స్ కొత్త వెర్షన్‌కి మారిన వారంలోనే చుట్టుపక్కల ఒక ఇంజనీరింగ్ కాలేజీలో హ్యామ్ రేడియో వర్క్‌షాప్‌కి రమ్మన్నారు. వాయిస్‌లో రెండు స్టేషన్లు పట్టి చూపించాను, పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత ఎఫ్‌టీ8 చూద్దాం అని ప్రొజెక్టర్‌కి ల్యాప్‌టాప్ తగిలించి ప్రోగ్రామ్ తెరిచాను. గోడంత తెర మీద ఒక పెట్టె: హామ్‌లిబ్ ఎర్రర్, రిగ్‌కి కనెక్షన్ తెరుస్తుండగా ఐవో ఎర్రర్. రిగ్ అంటే రేడియో, హామ్‌లిబ్ అంటే ప్రోగ్రామ్ తరఫున రేడియోతో మాట్లాడే లైబ్రరీ.

ఐవో ఎర్రర్ అంటే ఏమిటి? కేబుల్ ఊడిందా, బాడ్ రేటు (డేటా వేగం) తప్పా, పోర్టు లేదా, అనుమతి లేదా? అది చెప్పదు. రీట్రై నొక్కితే మళ్లీ అదే పెట్టె. సెట్టింగుల్లోకి వెళ్తే వందల రేడియో మోడళ్లు, స్టాప్ బిట్లు, హ్యాండ్‌షేక్ లాంటి సీరియల్ పోర్టు సెట్టింగులు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పిల్లలు ముందు ఆసక్తిగా, తర్వాత జాలిగా చూశారు. ఆ తర్వాత ఫోన్లు తీశారు. అప్పుడు వేదిక మీదున్న ఒక పెద్దాయన మైకు అందుకుని, "ఓఎం, ఫ్రీ సాఫ్ట్‌వేర్‌తో ఇదే గొడవ. హాయిగా విండోస్ వేసుకోండి" అన్నారు. (ఓఎం అంటే ఓల్డ్ మ్యాన్, హ్యామ్‌ల మధ్య పలకరింపు.) హాలంతా నవ్వు. నిమిషానికి ఎనిమిది పదాల మోర్స్ పరీక్ష మొదటిసారే గట్టెక్కి జనరల్ గ్రేడ్ హ్యామ్ లైసెన్సు తెచ్చుకున్నవాణ్ని, అలా ఒక కేబుల్ పట్టుకుని నిలబడ్డాను. ఆయన ఇంట్లో విండోస్‌లో వాడేదీ ఇదే డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్, అదీ ఫ్రీ సాఫ్ట్‌వేరే. పెద్దాయన కదా అని నోరు మూసుకున్నాను.

ఇంటికొచ్చి వాట్సాప్‌లో అడిగితే అందరూ ఒకే మంత్రం: డయలౌట్ గ్రూపులో (లినక్స్‌లో సీరియల్ పోర్టు వాడే అనుమతి ఉన్నవాళ్ల జాబితా) చేరావా? చేరాను బాబూ, ఎప్పుడో చేరాను. కేబుల్ పోయిందేమో అన్నారు. కొత్తది తెప్పించాను, అదీ అంతే. మిత్రుడి దగ్గర ఎఫ్‌టీడీఐ చిప్ (యూఎస్‌బీని సీరియల్ పోర్టుగా మార్చేది) ఉన్న కేబుల్ తెచ్చి పెడితే మాత్రం రేడియో టక్కున పలికింది. నా రెండు కేబుళ్లలోనూ ఉన్నది సీహెచ్340 చిప్. చవక కేబుళ్లలో ఎక్కువగా ఉండేది అదే.

దాంతో కెర్నెల్ లాగ్ (లినక్స్ లోపల ఏం జరుగుతోందో రాసుకునే చిట్టా) తెరిచి పెట్టుకుని కేబుల్ గుచ్చాను. టీటీవైయూఎస్‌బీ0 వచ్చింది, అంటే కేబుల్‌కి లినక్స్ ఇచ్చే పోర్టు పేరు. రెప్పపాటులో మాయమైంది. ఆ రెండు లైన్ల మధ్య ఒక పేరు: బీఆర్ఎల్‌టీటీవై. అంధులు స్క్రీన్‌ని వేళ్లతో చదువుకునే బ్రెయిలీ డిస్‌ప్లేలను నడిపే ప్రోగ్రామ్ అది. కొన్ని బ్రెయిలీ పరికరాల్లోనూ ఇదే చిప్, ఇదే గుర్తింపు సంఖ్య 1ఏ86:7523. ఆ సంఖ్య కనపడగానే బ్రెయిలీ పరికరం వచ్చిందనుకుని నా కేబుల్‌ని లాగేసుకుంటోంది. హామ్‌లిబ్ వెళ్లేసరికి అక్కడ పోర్టే లేదు. మరి "ఆ పోర్టు లేదు" అని ఒక్క ముక్క రాయడానికి ఏమైంది? ప్రపంచంలో ఎక్కడెక్కడి మైనస్ 20 సిగ్నల్‌నో పట్టేవాళ్లు, బల్ల మీది పోర్టు మాయమైందని చెప్పలేరా?

సమాధానం దొరికాక సలహాలు ఊడిపడ్డాయి: "ఆ పనికిరాని ప్యాకేజీ పీకెయ్." ఈ మాట నాకు నచ్చలేదు. చూపు లేని హ్యామ్‌లు ఎంతమంది ఉన్నారో ఈ పెద్దమనుషులకి తెలియదా? వినికిడి మీద నడిచే హాబీ ఇది. కళ్లున్నవాళ్ల కంటే మోర్స్ బాగా కొట్టే అంధ హ్యామ్‌లు ఉన్నారు. ఇంట్లో ఎవరికీ బ్రెయిలీ అవసరం లేకపోతే తీసేయండి, తప్పులేదు. క్లబ్బులో, కాలేజీలో పదిమంది వాడే మెషీన్ అయితే మాత్రం దాన్ని ఉండనిచ్చి, దాని యూడెవ్ రూల్స్ ఫైల్లో (ఏ పరికరం తగిలిస్తే ఏం చేయాలో లినక్స్‌కి చెప్పేది) ఆ సంఖ్య ఉన్న లైనుకి ముందు హ్యాష్ గుర్తు పెట్టి ఆ లైను పనిచేయకుండా చేయండి, చాలు. నేను అదే చేశాను. కేబుల్ ఊడదీసి మళ్లీ పెట్టగానే రేడియో డయల్ దానంతట అదే 14.074కి తిరిగింది. ఇంట్లోవాళ్లు ఏమైందని పరిగెత్తుకొచ్చేంత గట్టిగా అరిచాను.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు డబ్బులు కాస్త ఎక్కువైనా ఎఫ్‌టీడీఐ చిప్ కేబులే కొనుక్కోండి. వాట్సాప్‌లో సలహా అడిగే ముందు కెర్నెల్ లాగ్ చూడండి, అది మనిషిని వెక్కిరించదు. సెట్టింగుల్లో పోర్టు పేరు టీటీవైయూఎస్‌బీ0 అని ఇవ్వొద్దు. ఇంకో యూఎస్‌బీ సీరియల్ పరికరం తగిలిస్తే ఆ సున్నా ఒకటి అవ్వొచ్చు. లినక్స్ పరికరాల ఫోల్డరు /devలోని సీరియల్ ఫోల్డర్లో బై-ఐడీ కింద కేబుల్‌కి పొడుగాటి పేరు ఉంటుంది, అది ఇవ్వండి. మళ్లీ అదే ఐవో ఎర్రర్ వస్తే ముందు కేబుల్ గట్టిగా దిగిందో లేదో చూసి, ఆ తర్వాతే స్టాప్ బిట్ల జోలికి పోండి.