చేతి మీద ఎర్ర సూర్యుడు

రాత్రి మూడింటికి మెలకువ వచ్చింది. నిద్రలోనే గోకేస్తున్నాను. లైటు వేస్తే అమ్మ లేస్తుందని ఫోన్ వెలుగులో చూసుకున్నా. ముంజేతి లోపలివైపు ముచ్చటపడి పచ్చబొట్టుగా వేయించుకున్న సూర్యుడు కిరణం కిరణం ఉబ్బిపోయి ఉన్నాడు, కళ్లు మూసుకుని తడిమినా బొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలిసిపోయేంత. నల్లటి అంచుకి మాత్రం ఏమీ కాలేదు, చదునుగా ఉంది. ఎరుపు నింపిన చోటే గోలంతా.

విశాఖలో ఫ్రెండ్ పెళ్లికి వెళ్లినప్పుడు వేయించుకున్నది, ఏడు వారాలైంది. మొదటి పది రోజులు కాస్త మంట, కాస్త దురద, తర్వాత పొట్టు రాలింది. అదంతా మామూలేనని వేసినతను ముందే చెప్పాడు, చెప్పినట్టే తగ్గింది కూడా. నెల దాటి, ఇంక అయిపోయింది అనుకుని ఫొటోలు కూడా పెట్టేసుకున్నాక అసలు కథ మొదలైంది. ముందు చిన్న దురద, తర్వాత గరుకు, తర్వాత ఈ గట్లు. పసుపు రాశాను, కొబ్బరినూనె రాశాను, అమ్మ వేపాకు నూరి పెట్టింది (రెండు రోజులు చేతి నుంచి ఆ వాసన పోలేదు). వీటన్నిటికంటే పెద్ద తప్పు మెడికల్ షాపులో చెయ్యి చూపించడం. వాళ్లు ఒక ట్యూబ్ ఇచ్చారు, తామరకి, పుండుకి, దురదకి అన్నిటికీ అదే. నాలుగు రోజులు రాస్తే మంత్రం వేసినట్టు తగ్గింది, ఆపిన మూడో రోజుకి వడ్డీతో సహా తిరిగొచ్చింది.

ఇవాళ శనివారం, ఆఫీసుకి సెలవు పెట్టి శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి దగ్గర చర్మ డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఫుల్ చేతుల పొందూరు ఖాదీ చొక్కా వేసుకుని బయల్దేరుతుంటే నాన్న "ఇంత ఉక్కలో ఆ చేతులేటమ్మా" అన్నారు. ఎండకి నల్లబడిపోతోందని అమ్మే అబద్ధం ఆడింది నా తరఫున. నాన్నకి పచ్చబొట్టు సంగతే తెలీదు, ఇంక దాని జబ్బు సంగతి ఎక్కడ చెప్పను.

టోకెన్ ముప్పై ఒకటి. పక్కనే కూర్చున్న పెద్దావిడ నా చెయ్యి చూసి వంకాయ మానేయమంది, ఎండుచేప వాసన కూడా చూడొద్దంది. ఆవిడ సొంత దురదకి ఏం మానేసిందో అడగలేదు.

డాక్టరమ్మ ముందు జ్వరం ఉందా, చీము పట్టిందా, చుట్టుపక్కల చర్మం కూడా ఎర్రగా వేడిగా పాకుతోందా అని అడిగారు. లేవన్నాను. చిన్న భూతద్దంలాంటిది పెట్టి చూసి, "ఎరుపు ఒక్కటే పట్టుకుంది చూశావా, ఇది ఇన్ఫెక్షన్ కాదు, ఆ రంగు పడలేదు" అన్నారు. పచ్చబొట్టు రంగుల్లో ఎక్కువగా పేచీ పెట్టేది ఎరుపేనట. ఒకప్పుడు దానికి ఇంగిలీకం, అంటే పాదరసం ఉన్న ఖనిజం, వాడేవాళ్లు, ఇప్పుడు ఎక్కువగా అజో అనే కృత్రిమ రంగులు వాడుతున్నారు, అయినా ఎరుపు గొడవ మాత్రం పోలేదు. నలుపు చాలామటుకు ఉట్టి మసే కాబట్టి దానికి అలర్జీ అరుదు. మరి ఇన్నాళ్లు ఊరుకుని ఇప్పుడెందుకు అంటే, ఒంటికి అది పరాయిదని తేల్చుకోడానికి ఒక్కోసారి వారాలు పడుతుందట, నెలలూ పట్టొచ్చట, కొందరికి ఏళ్ల తర్వాత కూడా వస్తుందట. ముందే చిన్న చుక్క వేయించుకుని చూసుకోవాల్సింది కదా అని నన్ను నేను తిట్టుకుంటుంటే, అలా చూసినా బయటపడుతుందని నమ్మకం లేదన్నారు. అది విని ఎందుకో కొంచెం ఊరట కలిగింది.

మెడికల్ షాపు ట్యూబ్ చూపించాను. దాన్ని బల్ల మీద దూరంగా తోసేశారు. అందులో స్టెరాయిడ్ ఉందిట, దాంతోపాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్, అన్నీ కలిపి కొట్టిన కిచిడీ. తర్వాత తను రాసిందీ స్టెరాయిడ్ ఆయింట్‌మెంటే! "మేడమ్, అదీ స్టెరాయిడే, ఇదీ స్టెరాయిడే కదా" అని నోరు జారాను. కోప్పడలేదు. ఏ రోగానికి రాస్తున్నామో తెలిసి, ఉబ్బిన చోట మాత్రమే, ఇన్ని రోజులని లెక్కతో రాయడం వేరు అన్నారు. రెండు వారాలు చూడాలి. తగ్గకపోతే ఆ గట్లలోకే సూది వేస్తారట. అప్పటికీ లొంగకపోతే చిన్న ముక్క తీసి పరీక్షకి పంపుతారట. ఇక్కడ నా కడుపులో తిప్పింది.

లేజర్‌తో చెరిపించేసుకుంటానన్నాను. ఇప్పుడు వద్దేవద్దన్నారు, లేజర్ ఆ రంగుని తునకలు చేస్తుంది, అవి ఒంట్లో కలిసి అలర్జీ ఒళ్లంతా ఎక్కే ప్రమాదం ఉంది. ఎండ తగలనివ్వొద్దని కూడా చెప్పారు. ఇంకోటి, వచ్చే నెల మా ఆఫీసులో రక్తదానం ఉంది, ఏటా ఇస్తాను, కానీ పచ్చబొట్టు వేయించుకున్నాక 12 నెలల దాకా కుదరదట. అది మాత్రం నిజంగా బాధేసింది.

మధ్యాహ్నం అమ్మమ్మ ఇంటికి వెళ్లాను, ఊళ్లోనే, బలగలో. అక్కడ చెయ్యి దాచక్కర్లేదు అనుకుని చొక్కా చేతులు మడిచాను.

"ఓలమ్మో, ఏటే గుంటా ఇది! కాల్సీసుకున్నావేటి?"

మొత్తం చెప్పాను. ఆవిడ తన చెయ్యి చాపి నా చేతి పక్కన పెట్టింది. పన్నెండేళ్లప్పుడు పొడిపించుకున్న చుక్కలు, తులసికోట, ఆకుపచ్చో నీలమో తెలీని రంగులో చర్మంతో పాటే ముడతలు పడి ఉన్నాయి. దీపం మసి, ఏదో ఆకు పసరు కలిపి పొడిచారట, కూలి కింద రెండు శేర్ల బియ్యం ఇచ్చారట. "ఆముదం రాసీసినారు, అంతే, ఇంకేటీ నేదు" అంది. మసి కాబట్టి సరిపోయిందని డాక్టరు చెప్పింది నాకు గుర్తొచ్చింది గానీ, అరవై ఏళ్ల క్రితం ఒకే సూదితో ఊళ్లో ఎంతమందికి పొడిచారో తల్చుకుంటే ఒళ్లు జలదరించింది. పైకి అనలేదు.

"ఇంతకీ ఎవలి బొమ్మే ఇది?"

"సూర్యుడు అమ్మమ్మా."

"సూర్నారాయణమూర్తేటి?" అని కాసేపు చూసింది. "ఆయన్ని సేతి మీదెక్కించుకుని నీడలో దాసీసినావేటే, సురసురలాడడా మరి?"

పడీపడీ నవ్వాను, దురద కూడా మర్చిపోయి. కానీ ఆవిడకిది నవ్వులాట కాదు. అరసవల్లి స్వామికి మొక్కుకుంటే చర్మరోగాలు పోతాయని మా జిల్లాలో ఎవర్నడిగినా చెబుతారు, రేపు ఎలాగూ ఆదివారం, తీసుకెళ్తానంది. ఆదివారం అక్కడి జనం సంగతి తెలుసు, క్యూలో ఎండ సంగతీ తెలుసు. డాక్టరు ఎండ వద్దన్నారు అమ్మమ్మా అంటే, "ఎండెక్కకుండానే ఎల్దాం" అని తేల్చేసింది. తెల్లారి నాలుగున్నరకి ఆటో కూడా మాట్లాడేసింది. కాదనలేకపోయాను. కాదనాలని కూడా అనిపించలేదు, నిజం చెప్పాలంటే.

రాత్రి ఎనిమిదికి ఆయింట్‌మెంట్ రాసి పైన పట్టీ వేసుకున్నాను. చల్లటి గుడ్డ చుట్టుకుంటే గోకాలనే పిచ్చి కొంచెం ఆగుతోంది. కుడి చేతి గోళ్లన్నీ మొదలంటా కత్తిరించేశాను. దురదకి సెట్రిజిన్ మాత్ర వేసుకుని గంటైంది, అక్షరాలు అలికేసినట్టు కనిపిస్తున్నాయి. నాలుగుకి అలారం పెట్టాను. గుళ్లోకి ఫుల్ చేతుల చుడీదార్ ఏదో ఇస్త్రీ చేసి పెట్టమని అమ్మకి చెప్పడం మర్చిపోయాను.